డాక్టరూ కాక, ఇంజినీరూ కాక మా అమ్మాయి ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి బయాలజీతో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. నగరాల్లో గాలి కాలుష్యం, జనం ఆరోగ్యం మీద పనిచేస్తానంటోంది. పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేయించాలా, గాలి నాణ్యత మీద ఆరు నెలల ఏఐ కోర్సులో చేర్చాలా? వేటికి ఫీజులెంత, జీతాలెంత? ఏది మేలు? – ఒక తండ్రి

జవాబు: అమ్మాయి ఎటూ కాకుండా పోతుందేమోనన్నదే మీ అసలు దిగులు. ఈ టెన్షన్‌తో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామందే.

ఒక్క సంగతి వినండి. అమెరికాలోని యూటా లోయలో 1986-87లో ఒక ఉక్కు మిల్లు ఏడాదికి పైగా మూతపడింది. ఆర్డెన్ పోప్ అనే ఆయన ఆసుపత్రుల్లో చేరిన పిల్లల లెక్కలూ, గాలిలో దుమ్ము లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశాడు. మిల్లు నడిచిన చలికాలాల్లో ఊపిరి జబ్బులతో చేరిన పిల్లలు రెండు మూడు రెట్లు ఎక్కువ. పోప్ డాక్టరు కాదండీ, ఎకనామిక్స్ ప్రొఫెసర్. డాక్టరు ఇన్‌హేలర్ రాసిస్తే బిడ్డ మళ్ళీ అదే పొగలోకి వెళ్తుంది. ఆసుపత్రి రిజిస్టరులో ఉన్నది నగరపాలక సంస్థకు, ట్రాఫిక్ వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పేవాళ్ళు కావాలి. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆ పనే.

ఇక ఏఐ కోర్సు. నాకు దాని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. గాలిలో దుమ్మును కొలిచే చవక సెన్సార్లు తేమ పెరిగితే దాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. తేమ పీల్చుకుని రేణువులు ఉబ్బుతాయి, అందుకని. ఇది తెలియనివాళ్ళు మంచు కురిసిన ఉదయం ఆ సెన్సార్ల లెక్కలతో గీసిన మ్యాపు ఎర్రగా కనబడితే కంగారుపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) వార్షిక పరిమితిని ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 5కు ఎందుకు తగ్గించిందో చెప్పాలంటే ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో లెక్కగట్టే శాస్త్రం) రావాలి, స్టాటిస్టిక్స్ రావాలి. అవి ఆరు నెలల్లో వచ్చేవి కావు. పీజీ అయ్యాక కావాలంటే ఆ కోర్సు సెలవుల్లో చేసుకోవచ్చు.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అనాలి. మీ ఉత్తరం నిండా ఫీజులు, జీతాలే. ఈ రెంటిలో ఏది చదవాలని అమ్మాయికి ఉందో ఒక్క ముక్క లేదు. ఇది తప్పండీ. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళంత రాకపోవచ్చు, నిజమే. కానీ బయాలజీ చదివి, లెక్కలకు భయపడని పిల్లకు దారి మూసుకుపోదు. ఆసుపత్రులు, ప్రభుత్వ ఆరోగ్య శాఖలు, పరిశోధన సంస్థలు, అన్నిచోట్లా ఇలాంటి పని ఉంది.

సీటు తీసుకునే ముందు సిలబస్ తెప్పించుకోండి. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాల) పేపరు, ఏదైనా ఆసుపత్రితోనో నగరపాలక సంస్థతోనో కలిసి చేసే ఫీల్డ్ వర్క్ ఉన్నాయా లేదా అమ్మాయినే చూడమనండి.