థాంక్స్‌గివింగ్‌కి 4 రోజులు మెక్సికో బీచ్, పెద్దవాళ్ళతో, చిన్నపాపతో, ప్యూర్ వెజ్: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీరు అడిగింది డాలస్ నుంచి 4 రోజులు, బి2 విజిటర్ వీసా మీద వచ్చిన అత్తయ్యగారు మావయ్యగారు, ఐదేళ్ళ పాప, అందరూ వెజ్, ఇందులో కాన్‌కూన్, తులుమ్ ఊళ్ళు, చిచెన్ ఇట్జా పిరమిడ్, కోజుమెల్ దీవి అన్నీ కవర్ అవుతాయా అని. అవుతాయి, ప్యాకేజీల వాళ్ళు చేయించేస్తారు కూడా, కానీ దయచేసి అలా వెళ్ళకండి. మేం హ్యూస్టన్ నుంచి అమ్మావాళ్ళని తీసుకుని వెళ్ళాం, అప్పటి అనుభవంతో చెప్తున్నా. ప్లాయా డెల్ కార్మెన్ అనే బీచ్ ఊళ్ళో ఒకేచోట దిగండి, పొద్దున్నే ఒక్క చోటికి వెళ్ళండి, మధ్యాహ్నం భోజనం టైమ్‌కి రూమ్‌కి వచ్చి పడుకోండి, సాయంత్రం ఊళ్ళో నడవండి. పెద్దవాళ్ళకి సెలవు అంటే అదే, పాపకీ అదే.

ముందు వీసా సంగతి, ఎందుకంటే మీరు దాని గురించి ఏమీ రాయలేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఎక్స్‌పైర్ కాని అమెరికా వీసా స్టాంప్ ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు, గ్రీన్‌కార్డ్ ఉన్నా అక్కర్లేదు. అత్తయ్యగారి వాళ్ళ బి2 సరిపోతుంది. వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉంటే పాతదీ కొత్తదీ రెండూ చేతిలో పెట్టుకోండి. మీ ఇద్దరిదీ హెచ్1బి ఉద్యోగ వీసా అయితే అక్కడే చాలామంది తికమక పడతారు, స్టాంప్ డేట్ అయిపోయి ఐ-797 అప్రూవల్ నోటీస్ మాత్రమే ఉంటే మెక్సికో లోపలికి రానివ్వడానికి అది చాలదు, వాళ్ళ కాన్సులేట్‌లో వీసా తీసుకోవాల్సిందే. 30 రోజుల్లోపు మెక్సికో వెళ్ళొస్తే పాత స్టాంప్‌తోనే, వాలిడ్ ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డ్, చూపించి అమెరికాలోకి రావచ్చు అని ఆటోమేటిక్ రీవాలిడేషన్ రూల్ ఉంది కదా, అది తిరిగి రావడానికి పనికొస్తుంది, మెక్సికోలోకి వెళ్ళడానికి కాదు. టికెట్లు కొనేముందే చూసుకోండి.

కాన్‌కూన్ హోటల్ జోన్ ఎందుకు వద్దంటున్నానంటే, అక్కడ రిసార్ట్ గేటు దాటితే పెద్దవాళ్ళు నడిచి వెళ్ళి చూసేది పెద్దగా ఉండదు. తులుమ్‌లో బీచ్ రోడ్డు ఒకచోట, ఊరు ఇంకోచోట, మధ్యలో ట్యాక్సీ ఖర్చే ఎక్కువ. ప్లాయాలో అయితే కింతా అవెనిదా అని బీచ్‌కి సమాంతరంగా పొడవాటి వీధి, బళ్ళు రావు, అంతా నడిచేవాళ్ళే. ఆ వీధికి రెండు మూడు సందుల దూరంలో కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, కానీ మరీ వీధి మీదే వద్దు, రాత్రి మ్యూజిక్ మోత ఉంటుంది. లిఫ్ట్ ఉందా అని ఓనర్‌ని మెసేజ్ పెట్టి అడగండి, మూడంతస్తులున్నా లిఫ్ట్ లేని బిల్డింగ్‌లు అక్కడ బోలెడు.

ఎయిర్‌పోర్ట్ కాన్‌కూన్‌దే, ప్లాయా అక్కడికి 55 కిలోమీటర్లు, ముప్పావుగంట నుంచి గంట. కస్టమ్స్ దాటగానే ఒక హాల్లో కోట్లు వేసుకున్నవాళ్ళు ట్రాన్స్‌పోర్ట్, ఇన్ఫర్మేషన్ అంటూ పిలుస్తారు, ఎక్కువమంది టైమ్‌షేర్, అంటే ఏడాదికి కొన్ని రోజులు రిసార్ట్‌లో ఉండే హక్కు, అమ్మేవాళ్ళు, ఆగకుండా బయటికి నడిచేయండి. ఆదో అనే కంపెనీ బస్సు బావుంటుంది, ఏసీ, టర్మినల్ నుంచే ఎక్కి నేరుగా ప్లాయా నడిబొడ్డున దిగొచ్చు. మీలాగ ఐదుగురు సామాన్లతో అయితే ముందే బుక్ చేసిన వ్యాన్ హాయి, పాపకి కార్‌సీట్ అడిగి కన్ఫర్మ్ చేయించుకోండి. ఊళ్ళో ట్యాక్సీలకి మీటర్ ఉండదు, ఎక్కకముందే రేటు మాట్లాడుకోవాలి. టైమ్ కూడా గుర్తుపెట్టుకోండి, ఆ రాష్ట్రం కింతానా రో, అక్కడ 2015 నుంచి గడియారం మార్చరు, అందుకని నవంబర్‌లో డాలస్ కన్నా గంట ముందుంటుంది.

ఇక తిండి. మీరు దీని గురించే ఎక్కువ భయపడుతున్నారు, నిజంగా జాగ్రత్త పడాల్సిందీ ఇక్కడే. చూడ్డానికి వెజ్‌లాగ కనిపించే రెండు వంటకాల్లో నాన్‌వెజ్ దాక్కుని ఉంటుంది. ఎర్ర అన్నాన్ని చాలాచోట్ల చికెన్ నీళ్ళతో వండుతారు, మెత్తగా చిదిమిన బీన్స్‌లో పందికొవ్వు వేస్తారు. వెజిటేరియన్ అంటే మాంసం తీసేసి చికెన్ పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ తప్పేం కాదు, అక్కడ అలవాటు అది. అందుకని సిన్ కార్నే (మాంసం లేకుండా), సిన్ పోయో (చికెన్ లేకుండా), సిన్ పెస్కాడో (చేప లేకుండా) అని మూడూ విడివిడిగా చెప్పండి, బీన్స్‌కి సిన్ మాంతేకా (పందికొవ్వు లేకుండా), అన్నానికి సిన్ కాల్దో దే పోయో (చికెన్ నీళ్ళు లేకుండా), గుడ్డు తినకపోతే సిన్ వేవో. మేం ఒక కాగితం మీద స్పానిష్‌లో పెద్దక్షరాలతో రాసి అమ్మ పర్సులో పెట్టాం, అమ్మే తీసి చూపించేది, వాళ్ళూ లోపలికి వెళ్ళి అడిగొచ్చి చెప్పేవాళ్ళు.

తినగలిగేవి చాలా ఉన్నాయి. గుమ్మడిపువ్వు, చీజ్ పెట్టిన మొక్కజొన్న కేసదీయా, నోపాల్ అని ముళ్ళు తీసిన నాగజెముడు ఆకు కాల్చి పెడతారు, కప్పులో ఉడికిన మొక్కజొన్న గింజల మీద నిమ్మకాయ, కారం, మామిడిముక్కల మీద కారంపొడి. మయోనీస్ వద్దంటే వేయరు. అబనేరో మిరపకాయ సాల్సా అయితే చుక్క వేసుకుని చూశాకే ఇంకొంచెం వేసుకోండి, గుంటూరు కారం తిన్నవాళ్ళకైనా ఇది వేరే రకం ఘాటు. హమైకా అని ఎర్రటి చల్లటి నీళ్ళు ప్రతి కొట్లోనూ ఉంటాయి, అది ఎర్రగోంగూర కాయల మీద తొక్కలతో చేసేదే, మా అమ్మ ఒక గుక్క తాగి ఇది గోంగూర కాయలదే అని పట్టేసింది. చింతపండుతో చేసినవీ దొరుకుతాయి. ఐసు, నీళ్ళు శుభ్రంగా వాడే పెద్ద హోటళ్ళలోనే తాగండి, కుళాయి నీళ్ళు మాత్రం తాగొద్దు, పళ్ళు తోముకోవడానికి కూడా బాటిల్ నీళ్ళే వాడాం మేం.

రోజుకి ఒక పూట అయినా ఇంట్లో వండుకోండి. ఊళ్ళో వాల్‌మార్ట్, చెద్రావి సూపర్‌మార్కెట్లు రెండూ ఉన్నాయి, బియ్యం, పెరుగు, టమాటా, ఉల్లి, కొత్తిమీర అన్నీ దొరుకుతాయి. పులిహోర పేస్ట్, ఇన్‌స్టంట్ ఉప్మా లాంటివి సీల్ తీయని ప్యాకెట్లుగా తీసుకెళ్ళండి, పళ్ళు, పచ్చి గింజలు వద్దు. పెరుగన్నం ఒకపూట గ్యారంటీగా ఉంది అంటే పెద్దవాళ్ళు మిగతా పూట ఏదైనా ట్రై చేయడానికి ఒప్పుకుంటారు.

చూడాల్సినవాటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను సెనోతేకి ఓటేస్తా. ప్లాయా ఉన్న యుకతాన్ ద్వీపకల్పం అంతా సున్నపురాయి, వానపడితే నీళ్ళు రాయిలోంచి కిందికి ఇంకిపోతాయి, అందుకే పైన నదులు దాదాపు కనపడవు, నదులన్నీ భూమి కింద గుహల్లో పారుతాయి, పైకప్పు కూలిన చోట బావిలాగ తెరుచుకుంటుంది, అదే సెనోతే. తులుమ్ దగ్గర సాక్ అక్తున్ అనే గుహల వ్యవస్థని 2018లో పక్కనున్న దోస్ ఓహోస్ గుహలతో కలిపి చూస్తే నీటి కింద 347 కిలోమీటర్లు తేలింది. మీకు లోతు గుహలు వద్దు, ప్లాయాకి దక్షిణంగా హైవే పక్కనే సెనోతే అసూల్ ఉంది, పైన ఆకాశం కనపడుతుంది, లోతు తక్కువ ఉన్న చోట్లు ఉన్నాయి, రాళ్ళ మీద కూర్చుని కాళ్ళు పెడితే చిన్న చేపలు వచ్చి కరుస్తాయి, పాప గంటసేపు అక్కడే ఉంటుంది. మా నాన్న చిన్నప్పుడు ఊళ్ళో దిగుడుబావిలో ఈత నేర్చుకున్న మనిషి, మోకాళ్ళ నొప్పులని నడకకి కూడా వెనకాడేవాడు, అక్కడ ఎవరినీ అడక్కుండా లైఫ్ జాకెట్ వేసుకుని దిగిపోయాడు. దిగేముందు షవర్ చేయాలి, సన్‌స్క్రీన్ రాసుకోకూడదు, అది కిందున్న నీళ్ళన్నిటికీ వెళ్తుంది. ఫుల్ హ్యాండ్స్ స్విమ్ షర్టులు కొనండి, క్యాష్ పెసోల్లో పట్టుకెళ్ళండి, తెరిచే టైమ్‌కే వెళ్ళండి, మధ్యాహ్నానికి నిండిపోతుంది.

తులుమ్ శిథిలాలు 65 కిలోమీటర్లు, సముద్రం అంచున కొండరాయి మీద మాయా అనే ప్రాచీన జాతి వాళ్ళు గోడకట్టిన పట్టణం, 1518లో స్పానిష్ ఓడలు తీరం వెంట వెళ్తూ దాన్ని చూశాయి. పొద్దున 8కి తెరుస్తారు, అప్పుడే ఉండాలి, నీడ ఉండదు, గేటు నుంచి నడక కూడా బాగానే ఉంటుంది, చుట్టూ కొత్త పార్కు కట్టాక టికెట్లు రెండు మూడు ముక్కలుగా తీసుకోవాల్సి వస్తోంది. ఆదివారం మెక్సికన్లకి ఫ్రీ, కాబట్టి ఆరోజు వద్దు. చిచెన్ ఇట్జా మాత్రం వదిలేయండి. చాలా గొప్ప చోటు, నాకూ ఇష్టం, కానీ వెళ్ళడానికి రెండు గంటల పైనే, రావడానికి అంతే, మధ్యలో ఎండ, పిరమిడ్ ఎక్కనివ్వరు కూడా, 4 రోజుల్లో ఒక రోజంతా బస్సులో పోతుంది. పెద్దవాళ్ళకి ఓపిక ఉంటే ఇంకోసారి మెరిదా నగరం వైపు నుంచి వెళ్ళండి.

కోజుమెల్‌కి ఫెర్రీ ముప్పావుగంట, రేవు ఊళ్ళోనే. అయితే నవంబర్ నుంచి ఉత్తరగాలులు వస్తాయి, నోర్తే అంటారు, ఆ రోజుల్లో అలలు పెద్దవి, ఎర్రజెండా పెడతారు, పడవలు ఆపేస్తారు. అందుకని కోజుమెల్‌ని ఆఖరి రోజుకి పెట్టుకోకుండా వెదర్ చూసి మొదటి రెండు రోజుల్లో ఏది బావుంటే అది తీసుకోండి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళకి మాత్ర ముందే వేయండి. మీరు వెళ్ళే నెల మంచిదే, బీచ్‌కి కొట్టుకొచ్చే సర్గాసమ్ నాచు ఎక్కువగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఉంటుంది, నవంబర్ చివరికి బాగా తగ్గిపోతుంది. బీచ్‌లో కుర్చీకి బోలెడు అడుగుతారు, తీసుకోవాల్సిన పనిలేదు, మెక్సికోలో బీచ్‌లు చట్టప్రకారం అందరివీ, దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు. పాపకి ఊరికి ఉత్తరం చివర పుంతా ఎస్మెరాల్దా బావుంటుంది, మంచినీళ్ళ ఊట వచ్చి సముద్రంలో కలుస్తుంది, అక్కడి కుటుంబాలు పిల్లల్ని తెచ్చుకుంటాయి. సాయంత్రం ఫెర్రీ రేవు పక్కన పార్కులో ఎత్తైన స్తంభం మీంచి తాళ్ళు కట్టుకుని తలకిందులుగా తిరుగుతూ దిగే వోలదోరెస్ ఆట చూపించండి, 2009లో యునెస్కో గుర్తించిన ఆట అది. వాళ్ళు టోపీ పట్టుకుని వస్తారు, మనసారా ఇవ్వండి.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తా. కార్డ్ మెషీన్ డాలర్లా పెసోలా అంటే పెసోలే నొక్కండి, ఏటీఎం కన్వర్షన్ ఆఫర్ చేస్తే వద్దనండి, వీధిలో ఒంటరిగా నిలబడ్డ ఏటీఎంలు కాకుండా బ్యాంకు లోపలివి వాడండి. కారు రెంట్ చేస్తే ఆన్‌లైన్‌లో కనపడే రేటులో అక్కడ తప్పనిసరి అయిన, ఎదుటివాళ్ళ నష్టానికి కట్టే లయబిలిటీ ఇన్సూరెన్స్ తరచూ ఉండదు, కౌంటర్ దగ్గర బిల్లు మూడింతలవుతుంది.

మందులు పెద్దవాళ్ళవి పూర్తిగా, ఒరిజినల్ డబ్బాల్లో, చేతి సంచీలో పెట్టండి. బీచ్ వీధుల్లో ఫార్మసీలు చాలా ఉంటాయి, అక్కడ మాత్రలు కొనొద్దు, నకిలీల గురించి అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంటే హెచ్చరించింది. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు మెక్సికోలో నిషేధం, ఇంట్లోనే వదిలేయండి. అత్తయ్యగారి వాళ్ళకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ మెక్సికోలో పనిచేస్తుందా అని ఫోన్ చేసి కనుక్కోండి, చాలా పాలసీల్లో షరతులుంటాయి.

తిరుగు ప్రయాణం థాంక్స్‌గివింగ్ ఆదివారం అయితే ఫ్లైట్‌కి ఐదు గంటల ముందే ప్లాయా నుంచి బయల్దేరండి, హైవే, ఎయిర్‌పోర్ట్ రెండూ కిక్కిరిసి ఉంటాయి. డాలస్‌లో దిగిన మర్నాడు ఆన్‌లైన్‌లో అందరి ఐ-94లు తీసి చూడండి, ముఖ్యంగా అత్తయ్యగారి వాళ్ళవి, పాత డేటే ఉంచారా కొత్తది ఇచ్చారా అని, ఇండియా రిటర్న్ టికెట్ ఆ డేట్ లోపే ఉండాలి.