టమాటా నారు దించకముందే ఇది చదువు

చిరంజీవి చిట్టికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు అరెకరంలో ఎనభై బస్తాల ఆలుగడ్డ తవ్వావని చెప్పాడు. ఆ సంగతి పక్క ఫ్లాటావిడకు చెప్పాను. లిఫ్టులో ఎక్కిన పెద్దమనిషికీ చెప్పాను, ఆయనెవరో నాకు తెలియదు. అయితే ఫోన్ పెట్టేసే ముందు మీ నాన్న ఇంకో మాట అన్నాడు. వచ్చే వారం అదే మడిలో టమాటా నాటుతున్నావట, నారుకు అడ్వాన్సు కూడా ఇచ్చావట. రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

టమాటా వద్దు. వంగ వద్దు, మిరపా వద్దు. ఆలుగడ్డా ఇవీ ఒకే కుటుంబం. దానికి పట్టిన తెగులు మట్టిలో కూర్చుని వీటికోసం ఎదురు చూస్తుంది. గట్టు మీద కామంచి ఉంటే అది కూడా ఆ చుట్టమే, పీకెయ్. నువ్వు చిన్నప్పుడు నల్లటి కామంచి పళ్లు తిని గౌను నిండా మరకలు చేసుకునేదానివి, గుర్తుందా?

నేను ఎలా చెడ్డానో నీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ మామయ్య ఎవరికీ చెప్పనివ్వలేదు. అప్పుడు మా పొలం సదాశివపేట దగ్గర. రైతుబజార్లు 1999లో వచ్చాయి. తెల్లవారకముందే బస్సు మీద గంపలు వేయించుకుని ఎర్రగడ్డకు వచ్చేదాన్ని. ఎండాకాలం టమాటా ఏ ధర పలుకుతుందో అక్కడ కళ్లారా చూశాను. 2001లో ఆలుగడ్డ తవ్వడం అయిపోగానే, ఆయన మొక్కజొన్న వేద్దామన్నాడు. నేను వినలేదు. చెవుల కమ్మలు తాకట్టు పెట్టి ఎకరం మొత్తం టమాటా పెట్టించాను.

తప్పు అక్కడ కూడా కాదు, దానికి పది రోజుల ముందే జరిగింది. కూరకని కత్తిపీట ముందు కూర్చుని మా పొలం గడ్డనే కోశాను. తొక్కకు కాస్త లోపలగా, గాజు చుట్టినట్టు గోధుమరంగు వలయం కనిపించింది. బొటనవేలితో నొక్కితే ఆ గీత వెంట తెల్లటి జిగురు చుక్కలుగా ఉబికింది. నిలవ ఉండి చెడిందనుకుని అంతవరకు చెక్కేసి మిగతాది పోపులో వేశాను. ఆ తరువాత రెండు గడ్డల్లోనూ అదే కనిపించింది, అదే చేశాను. పొలం నా చేతిలోకి వచ్చి చెప్పింది చిట్టీ, నేను చెక్కి పారేశాను.

నాటిన నలభై రోజులకు పిందెలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం మూల సాలులో నాలుగు మొక్కలు వాడాయి. ఆకు పచ్చగానే ఉంది, పండలేదు, మచ్చ లేదు. సాయంత్రానికి మళ్లీ నిలబడ్డాయి. ఎండకు నీళ్లు చాలలేదనుకుని కాలువ తెంపి సాళ్ల నిండా పారించాను. మూడో రోజుకు ఆ నాలుగూ లేవలేదు. వారం తిరిగేసరికి నీళ్లు ఎటు పారాయో అటే మొక్కలు తల వాల్చాయి. మందుల కొట్టతను మూడు సీసాలు అంటగట్టాడు, అవీ కొట్టాను.

చివరికి ఒక వ్యవసాయ అధికారి అటుగా వచ్చి, వాడిన మొక్క కాండం మొదట్లో కోసి, టీ గ్లాసులో మంచినీళ్లు పోయించి, కోసిన కొన నీళ్లలో తగిలేలా పట్టుకున్నాడు. ఒకటి రెండు నిమిషాలకే సన్నటి తెల్ల దారం ఒకటి పొగలా కిందికి జారింది. గడ్డలో నేను చూసిన జిగురే అది, తెగులు క్రిములు. "నీళ్లు తక్కువై కాదమ్మా, నీళ్లతోనే పాకింది" అన్నాడు. మీ మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. రెండు రోజులు వంగి మొక్కలన్నీ పీకి కాల్చాడు. కమ్మలు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆ ఎకరంలో ఇప్పుడు వెంచర్ రాళ్లు పాతారు.

కాబట్టి ముందు పది పన్నెండు గడ్డలు అడ్డంగా కోసి చూడు. విత్తనపు గడ్డ ఎక్కడి నుంచో వస్తుంది, తెగులు దానితోనే వస్తుంది. వలయం కనిపిస్తే మూడేళ్లు టమాటా మాట ఎత్తకు. మొక్కజొన్నో జొన్నో వెయ్యి. వలయం లేకపోయినా ఈ వేసవికి టమాటా వద్దు. అడ్వాన్సు పోతే పోనీ, నేను ఇస్తాను.

గడ్డ పైన మొటిమల్లాంటి బుడిపెలు ఉన్నాయేమో కూడా చూడు. ఉంటే నులిపురుగు ఉన్నట్టు. అప్పుడు బెండ కూడా ఆగాలి, దాని వేళ్లంటే ఆ పురుగుకు మహా ఇష్టం. బంతి వెయ్యి, పూలకు గుడిమల్కాపూర్ మార్కెట్ ఉండనే ఉంది.

గడ్డ శుభ్రంగా ఉంటే సగం బెండ పెట్టు. మూరెడుకో సాలు, జానెడుకో గింజ. నలభై అయిదు, యాభై రోజులకు కోత మొదలవుతుంది, ఆ తరువాత రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క రోజు బద్ధకిస్తే ముదిరిపోతుంది. వేసవిలో తెల్లదోమ పల్లాకు తెగులు తెస్తుంది, అర్క అనామిక లాంటి తట్టుకునే రకం చూసుకో. మిగతా సగంలో దోస, గోరుచిక్కుడు. గట్టు పక్క రెండు మళ్లు తోటకూర, నెల తిరక్కుండానే చేతిలో డబ్బు ఆడుతుంది. ఆలుగడ్డకు పోసిన ఎరువు ఇంకా మట్టిలో ఉంది, యూరియా చల్లకు. తవ్వినప్పుడు మిగిలిపోయిన గడ్డలు మొలకెత్తితే కనబడినప్పుడల్లా పెరికెయ్.

ఇంకొకటి. రాత్రి మోటారు దగ్గరికి వెళ్లకు. మా రోజుల్లో కరెంటు అర్ధరాత్రి ఇచ్చేవారు, అలా వెళ్లే మీ మామయ్యను పాము కాటేసింది. బతికాడు గానీ, ఆ కాలు వాపు చివరిదాకా పూర్తిగా దిగలేదు. 2018 నుంచి మీకు ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉంది కదా, పగలే పెట్టుకో. ఎండ అని సాకు చెప్పకు, టోపీ పెట్టుకో. సరిగా తింటున్నావా? మీ నాన్నను అడిగితే "తింటోంది" అంటాడు, ఆయనకేం తెలుసు.

కోసిన గడ్డల ఫొటోలు పంపకు, నా ఫోన్‌లో అన్నీ పసుపుపచ్చగానే కనిపిస్తాయి. ఆదివారం మీ నాన్న ఇక్కడికి వస్తాడు. అనుమానం ఉన్నవి అయిదారు కవరులో గట్టిగా ముడివేసి పంపు. కూరకు మంచివి వేరే సంచిలో పెట్టు, రెండూ కలపకు.

నీ అత్తయ్య
ఎర్రగడ్డ, హైదరాబాద్