వేసవి భాషా కోర్సుకు అప్లై చేసే ముందు

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. యూనివర్సిటీ వేసవి కోర్సులో జపనీస్‌కి అప్లై చెయ్యాలా వద్దా అని ఇంత టెన్షన్ పడుతున్నావంటే, ఆ భాష మీద మనసు ఉన్నట్టే. కానీ మనసొక్కటే చాలదమ్మా. ఆ ఎనిమిది వారాలు పూర్తిగా దానికే ఇవ్వగలవా లేదా అన్నది ముందు తేల్చుకో.

ఇలాంటి కోర్సుల్లో ఏడాది పాఠాన్ని ఎనిమిది, తొమ్మిది వారాల్లో చెప్పేస్తారు. రోజుకు దాదాపు నాలుగు గంటల క్లాసు, గదికి వచ్చాక ఇంచుమించు అంత హోంవర్కూ. నేను చేరిన ఏడాది మూడో వారంలో జ్వరమొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. తిరిగి వెళ్ళేసరికి క్రియారూపాలు రెండు దాటిపోయాయి. బోర్డు మీద రాసింది కూడబలుక్కుని చదువుతున్నాను గానీ, పక్కనున్న అమ్మాయి ఏదో అడిగితే నోరు పెగల్లేదు. ఆ రెండు రోజుల బాకీ తీరడానికి పది రోజులు పట్టింది. అందుకే, పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉన్నా, మధ్యలో పెళ్ళి ప్రయాణం ఉన్నా ఈ ఏడాదికి వద్దంటాను.

వారానికి ఐదు రోజుల చొప్పున లెక్కేస్తే క్లాసులో గడిచేది 160 గంటలు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు జపనీస్‌లో ఉద్యోగానికి సరిపడా పట్టు సాధించాలంటే సుమారు 2200 గంటల క్లాసు కావాలని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. ఆ అంకె చూసి బెదిరిపోకు. 'నేను పుస్తకం చదివాను' అని మనం ఏ వరసలో అంటామో జపాన్‌వాళ్ళూ అదే వరసలో అంటారు. మన 'కి', 'లో' లాంటివి వాళ్ళకీ మాట వెనకాలే వస్తాయి. ఇంగ్లీషువాళ్ళు తలకిందులుగా ఆలోచించుకోవాల్సిన చోట నీకు దారి తిన్నగా ఉంటుంది. లిపి మాత్రం ఎవరికైనా కష్టమే, కంజీలకు, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలకు, రోజూ చేతిరాత తప్పదు.

అయినా ఒక్క వేసవితో భాష రాదు, గట్టి పునాది పడుతుంది. దాని మీద సెప్టెంబరులో ఏం కడతావన్నదే నా అసలు బెంగ. తర్వాతి స్థాయి క్లాసు లేక, మాట్లాడే తోడు లేక నాలుగు నెలలు వదిలేస్తే నేర్చుకున్నది కళ్ళముందే కరిగిపోతుంది. నా స్నేహితురాలికి అలాగే అయింది, మళ్ళీ మొదటి పుస్తకం తెరవాల్సి వచ్చింది.

క్లాసు బయట ఏ భాషలో బతుకుతావో కూడా చూసుకో. అమెరికాలో మిడిల్‌బరీ కాలేజీ 1915లో జర్మన్‌తో వేసవి భాషా బడులు మొదలుపెట్టింది. నేర్చుకునే భాష తప్ప మరొకటి మాట్లాడబోమని అక్కడ విద్యార్థులు సంతకం పెడతారు. నీ కోర్సులో ఆ నియమం లేకపోతే, నువ్వూ నీ రూమ్మేటూ కనీసం భోజనం దగ్గరైనా పెట్టుకోండి.

అప్లై చేసినంత మాత్రాన చేరి తీరాలని లేదు. స్కాలర్‌షిప్ గడువు ఒక్కోచోట అడ్మిషన్ గడువు కంటే ముందే ముగుస్తుంది, అది చూసుకో. సిఫారసు లేఖ కోసం మాస్టారిని మూడు వారాల ముందే అడుగు. మానుకుంటే ఫీజు ఏ తేదీ వరకు వెనక్కిస్తారో, ఆ క్రెడిట్లు మీ డిగ్రీలో కలుస్తాయో లేదో ఆఫీసువాళ్ళను ఈమెయిల్‌లోనే అడుగు, జవాబు రాతలో ఉంటుంది.

సెప్టెంబరులో మీ దగ్గర రెండో ఏడాది జపనీస్ క్లాసు నడుస్తుందేమో ముందు కనుక్కుని నాకు రాయి. నడుస్తుందంటే ఆ రాత్రే ఫారం నింపెయ్.

మీ పెద్దమ్మ