ఇంక్ ట్యాంకు బిగించుకుంటే వారంటీ మొత్తం పోయినట్టేనా?

ప్రశ్న: మాది ఏలూరు. పిల్లల ఫోటోలు ఇంట్లోనే ప్రింట్ తీసుకుందామని తొమ్మిది నెలల క్రితం రూ.16,500 పెట్టి ఫోటో ప్రింటర్ కొన్నాం. ఆరు రంగుల కార్ట్రిడ్జ్‌ల ఖర్చు తట్టుకోలేక, ఊళ్లో ఒక షాపులో రూ.2,800 ఇచ్చి బయట ట్యాంకులు, సన్న పైపులు ఉండే సి.ఐ.ఎస్.ఎస్. (ఆగకుండా ఇంక్ అందించే ఏర్పాటు) పెట్టించాం. అయిదు నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు ప్రింటర్ పేపరు లాగడం లేదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే పైపులు చూసి, 'బయటి ఇంక్ వాడారు, వారంటీ పోయింది' అన్నారు. పెట్టిన షాపాయన 'నాకేం సంబంధం' అంటున్నాడు. ఇలా పెట్టించుకోవడం అసలు చట్టవిరుద్ధమా? చుట్టుపక్కల వాళ్లకు డబ్బులు తీసుకుని పాస్‌పోర్ట్ ఫోటోలు తీసిస్తుంటాను. దాని వల్ల కూడా ఏమైనా చిక్కు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ భయం తీరుస్తాను. డబ్బు పెట్టి కొన్న ప్రింటర్ మీ సొంతం. దానికి బయటి ట్యాంకు బిగించుకోవద్దని చెప్పే చట్టం మన దగ్గర లేదు. 'ఫలానా ప్రింటర్‌కు సరిపోయే ఇంక్' అని నిజాయితీగా రాసి అమ్మినా తప్పు కాదు. ఏ వస్తువుకు సరిపోతుందో చెప్పడానికి ఒక కంపెనీ పేరు వాడుకోవచ్చని 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 30వ సెక్షన్‌లోనే ఉంది. నేరమయ్యేది కంపెనీ లేబుల్‌నే నకిలీ చేసి అంటించి అమ్మడం. అలా అమ్మిన వాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడుతుంది. మీ విషయం అది కాదు.

ఇక వారంటీ. కొన్నప్పుడు ఇచ్చిన వారంటీ కార్డు ఇంట్లో ఉంటే తీసి నింపాదిగా చదవండి. ఇలాంటి కార్డుల్లో సాధారణంగా రెండు రకాల వాక్యాలు కనిపిస్తాయి. 'ఇతర కంపెనీల ఇంక్ వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు' అనేది ఒకటి. 'ఇతర కంపెనీల ఇంక్ వాడితే వారంటీ రద్దవుతుంది' అనేది రెండోది. పైకి ఒకేలా ఉన్నా వీటి మధ్య చాలా తేడా ఉంది. మొదటి వాక్యం ఉంటే ఇంక్ వల్ల ఏది చెడిందో కంపెనీ చూపించాలి. రెండోదైతే మీ పని కాస్త కష్టమవుతుంది కానీ దారి మూసుకుపోదు. పదాలు రాసింది కంపెనీ కాబట్టి, అర్థంలో అనుమానం వస్తే దాన్ని రాసినవాళ్లకు వ్యతిరేకంగానే చదవాలన్నది కోర్టులు ఎప్పటి నుంచో పాటిస్తున్న సూత్రం. కొన్ని మోడళ్ల వారంటీ 'ఏడాది లేదా ఇన్ని పేజీలు, ఏది ముందైతే అది' అని ఉంటుంది. ఎన్ని పేజీలు అయ్యాయో కూడా చూసుకోండి.

మీ కేసంతా తిరిగేది ఒక్క ప్రశ్న చుట్టూ: చెడింది ఏమిటి, ఎందుకు చెడింది? పేపరును లోపలికి లాగేది రబ్బరు రోలర్, దాన్ని తిప్పే మోటారు, పళ్ల చక్రాలు. ఇంక్ ప్రయాణించే దారి వేరు: ట్యాంకు, పైపు, పేపరు మీద ఇంక్ చిమ్మే హెడ్. హెడ్ జామ్ అయ్యిందనో, రంగులు గీతలు గీతలుగా వస్తున్నాయనో మీరు రాసి ఉంటే నేనింత ధైర్యంగా చెప్పేవాణ్ణి కాదు. పేపరు లాగకపోవడానికి, ట్యాంకులో ఏ ఇంక్ ఉందన్నదానికి మామూలుగా సంబంధం ఉండదు. మామూలుగా అని ఎందుకంటున్నానంటే, పైపులు తీసుకెళ్లడానికి షాపాయన మూతను కోసి ఉండవచ్చు. సరిగా కట్టని పైపు అటూ ఇటూ తిరిగే హెడ్‌కు అడ్డుపడి ఉండవచ్చు. ఇంక్ కారి రోలర్ మీద పడి ఉండవచ్చు. టార్చిలైట్ వేసి ఈ మూడూ ఒకసారి చూడండి. ఏ ఒక్కటి నిజమైనా కంపెనీకి పట్టు దొరికినట్టే.

ఒక కక్షిదారు పాత తువ్వాల్లో చుట్టి తన ప్రింటర్‌ను నా ఆఫీసుకే తెచ్చారు. విప్పేసరికి తువ్వాలంతా నీలం మరకలు. విచారిస్తే, ట్యాంకును ప్రింటర్ పక్కన కాకుండా నాలుగు లావు పుస్తకాల మీద ఎత్తుగా పెట్టారని తేలింది. ట్యాంకు ఎత్తులో ఉంటే ఇంక్ తనంతట తానే కిందికి దిగి హెడ్‌లోంచి కారిపోతుంది. బాగా కింద ఉంటే ఇంక్ అందదు. ట్యాంకును, ప్రింటర్‌ను ఒకే బల్ల మీద పెట్టమనేది అందుకే. ఆయన ప్రింటర్‌లో అడుగున వృథా ఇంక్ పీల్చే ప్యాడ్ నిండిపోయి, బోర్డు దాకా తడిసింది. కంపెనీ మీద కేసు వద్దని ఆయనకు నేనే చెప్పాను. అమర్చి వెళ్లిన షాపును మాత్రం వదలలేదు.

మీరు చేయాల్సిన మొదటి పని, సర్వీస్ సెంటర్ వాళ్లు నోటితో చెప్పింది కాగితం మీద రాయించుకోవడం. రిపేరుకు తెచ్చిన వస్తువు గురించి వాళ్లు రాసిచ్చే జాబ్ షీట్‌లో లోపం ఏమిటో, అది ఇంక్ వల్ల ఎలా వచ్చిందో రాయమనండి. ఉత్త 'థర్డ్ పార్టీ ఇంక్, వారంటీ లేదు' అని రాసిచ్చినా తీసుకోండి. కారణం చెప్పకుండా తిప్పి పంపారనడానికి అదే రుజువు. రాయకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టండి. పాత కార్ట్రిడ్జ్‌లు ఉంటే తీసుకెళ్లి, విషయం దాచకుండా చెప్పి, వాళ్ల ఎదురుగానే అవి పెట్టి పేపరు వదలండి. అప్పుడూ లాగకపోతే, చూస్తున్న వాళ్లకే విషయం తెలిసిపోతుంది. వీలైతే వీడియో తీయండి.

ఒక్క పని మాత్రం వద్దు. ట్యాంకు పీకేసి, పైపుల మరకలు తుడిచేసి, బయటి ఇంక్ ఎప్పుడూ వాడలేదని చెప్పకండి. లోపల ఇంక్ జాడ ఎక్కడికీ పోదు. అబద్ధం బయటపడిన రోజు మీ నిజాలను కూడా ఎవరూ నమ్మరు. ఈ తప్పుతో గెలవాల్సిన కేసు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

'బయటి విడిభాగం వాడితే వారంటీ ఆపకూడదని చట్టం ఉంది' అని వీడియోల్లో చెబుతుంటారు. అది అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ చట్టం గురించి, ఇక్కడ చెల్లదు. మనకు ఆధారం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఇచ్చిన మాట ప్రకారం సేవ చేయకపోతే అది సేవాలోపం. ఒక వస్తువు కావాలంటే మరో వస్తువు కూడా కొనాల్సిందేనని షరతు పెట్టడం సెక్షన్ 2(41) కింద నిర్బంధ వ్యాపార విధానం (రిస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీస్). కంపెనీ ఇంక్ కొంటేనే వారంటీ అనే షరతును దీని కిందికి తేవచ్చన్నది నా వాదన. ఇంకో ఆసరా కూడా ఉంది. 2014 ఆగస్టులో, కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉందో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో, బయటి మెకానిక్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, బయటి పని వల్ల చెడిన మేరకే ఆపవచ్చని చెప్పింది. అది కార్ల గురించి, వేరే చట్టం కింద వచ్చింది, దానిపై అప్పీళ్లూ నడిచాయి. కాబట్టి మీ కేసుకు నేరుగా వర్తించదు. అయినా 'చెడిన మేరకే' అన్న ఆ మాట న్యాయమైనది. ఫిర్యాదులో తప్పకుండా ప్రస్తావించండి.

షాపాయన సంగతి. డబ్బు తీసుకుని అమర్చాడు కాబట్టి ఆయనా సేవ చేసినవాడే, 'నాకేం సంబంధం' అంటే కుదరదు. పైపు వల్లో, కారిన ఇంక్ వల్లో చెడిందని తేలితే బాధ్యత ఆయనది. బిల్లు ఇచ్చాడా? ఇవ్వకపోతే ఫోన్‌పేలో డబ్బు పంపిన వివరం, వాట్సాప్ మాటలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇంక్ సీసాలు పారేయవద్దు. వాటి మీద తయారీదారు పేరు, చిరునామా, ధర, పరిమాణం ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. ఏమీ లేని సీసా అయితే ఆ షాపును నిలదీయడం ఇంకా తేలిక.

కేసు దాకా వెళ్లక ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇలాంటి చిన్న గొడవలు చాలావరకు అక్కడే తేలిపోతాయి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడో ఉందని దిగులు వద్దు, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. వస్తువు విలువ రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. కంపెనీని, షాపును ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, ఒకరి మీద ఒకరు తోసుకోవడానికి వీలుండదు. లోపం ఎలా వచ్చిందో కంటికి తెలియకపోతే కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపించవచ్చు. దానికయ్యే ఖర్చు ముందుగా మీరే కట్టాల్సి వస్తుంది. రూ.16,500 ప్రింటర్‌కు అంత దూరం వెళ్లడం మీకు భారమే, అందుకే జాబ్ షీట్, వీడియోల మీద అంత గట్టిగా చెబుతున్నాను.

పాస్‌పోర్ట్ ఫోటోల గురించి. వ్యాపారం కోసం కొన్నవాళ్లు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. కానీ సొంతంగా పని చేసుకుని బతుకుతెరువు కోసం మాత్రమే వాడుకుంటే ఆ మినహాయింపు అడ్డు రాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. పిల్లల ఫోటోల కోసం కొని, ఖాళీ ఉన్నప్పుడు పక్కింటివాళ్లకు నాలుగు ఫోటోలు తీసిస్తే మిమ్మల్ని వ్యాపారి అనడం కష్టం. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అయితే వారంటీ కార్డులో 'ఇంటి వాడకానికి మాత్రమే' అని ఉందేమో ముందే చూసుకోండి.

మీది ఏడాది వారంటీ అయితే ఇంకా మూడు నెలలే ఉంది. గడువు లోపలే ఫిర్యాదు చేశారని తేదీతో సహా రుజువు ఉండాలి. అందుకని ఈ వారంలోనే కంపెనీకి ఈమెయిల్, స్పీడ్ పోస్టు రెండూ పంపి, పోస్టు రసీదును ప్రింటర్ బిల్లుకు పిన్ చేసి దాచుకోండి.