తాళంచెవి అమెరికాలో ఉందా, వెలగపూడిలో ఉందా?

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లె. రొయ్యల కౌంటు ధర చూసుకోవడం మొదలు మేతకు డబ్బు కట్టడం దాకా అంతా ఫోన్‌లోనే జరుగుతోంది. ఇంటర్నెట్ తాళంచెవి అమెరికా దగ్గరుందని, వాళ్లు తలచుకుంటే మనకు ఆగిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక రొయ్యల రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ అబ్బాయి మాటలో ఒకప్పటి నిజం కొంత ఉంది. వెబ్‌సైట్ల పేర్లను అంకెల చిరునామాలతో జతపరిచే వ్యవస్థను సమన్వయపరిచే ఐకాన్ సంస్థ 1998లో కాలిఫోర్నియాలో ఏర్పడింది. దానిపై ఒప్పందం ద్వారా అమెరికా వాణిజ్య శాఖకు ఉన్న పర్యవేక్షణ 2016 అక్టోబరు 1తో ముగిసింది. సంస్థ నేటికీ ఆ రాష్ట్ర చట్టానికే లోబడి ఉన్నందున అనుమానం పూర్తిగా నిరాధారమనలేము. అయితే ఆ వ్యవస్థకు మూలమైన రూట్ సర్వర్లకు పేర్లు 13 మాత్రమే అయినా, వాటి ప్రతులు మన దేశంతో సహా వెయ్యికి పైగా చోట్ల పనిచేస్తున్నాయి కనుక ఒక్క మీట నొక్కి ఆపడం సాధ్యం కాదు. ఈ పెత్తనంపై తగవు 2005లో ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో జరిగిన ప్రపంచ దేశాల సదస్సులో తెగకపోవడంతో ఐక్యరాజ్యసమితి ఒక చర్చావేదికను ఏర్పాటు చేసింది. 2008లో అది హైదరాబాదులోనూ సమావేశమైంది. చర్చించడమే తప్ప శాసించే అధికారం దానికి లేదు.

మీ చెరువు గట్టున సిగ్నల్‌ను నిజంగా ఆపగల అధికారం అంత దూరాన లేదు, వెలగపూడి సచివాలయంలోని హోంశాఖ కార్యదర్శికి ఉంది. 2022 మేలో కోనసీమ అల్లర్లప్పుడు ఇంటర్నెట్ ఆగింది ఇటువంటి ఉత్తర్వుతోనే. వదంతులను అరికట్టడానికని ప్రభుత్వాలు చెబుతాయి. నా దృష్టిలో వదంతి నోటిమాటగానూ పాకుతుంది, ఆగిపోయేది మాత్రం రొయ్యలు అమ్మిన రైతుకు రావలసిన సొమ్ము, చౌకదుకాణంలో వేలిముద్రతో ఇచ్చే బియ్యం.

ఈ అధికారానికి హద్దులున్నాయి. నిరవధికంగా నిలిపివేయడం చెల్లదని, ఉత్తర్వులను ప్రచురించాలని 2020 జనవరిలో, కశ్మీరులో ఇంటర్నెట్ నిలిపివేతపై పత్రికా సంపాదకురాలు అనురాధా భాసిన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. టెలికాం సేవల నిలిపివేతపై కేంద్రం చేసిన 2024 నిబంధనల ప్రకారం ఉత్తర్వులో కారణాలు, ప్రాంతం ఉండాలి, గడువు 15 రోజులకు మించరాదు. ప్రచురణ నియమాన్ని అధికారులు అన్నిసార్లూ పాటించడం లేదన్నది వేరే సంగతి. అటువంటి ఉత్తర్వును హైకోర్టులో సవాలు చేయవచ్చు. డేటా ఆగినా కాల్స్ పనిచేస్తున్నంత వరకు *99# నొక్కి బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పంపే వీలుంది, ముందుగా నమోదు చేసుకుని ఉంచండి.