వేసెక్టమీకి అమ్మ ఒప్పుకోవట్లేదన్న బెజవాడ తమ్ముడికి

తమ్ముడూ, ఇద్దరు పిల్లలు చాలు, వేసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) నేనే చేయించుకుంటానంటే మీ అమ్మ "బరువులెత్తేవాడివి, నీరసపడిపోతావు" అని ఏడుస్తోందన్నావు. మా అమ్మదీ అదే పాట. నేను గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవాణ్ణి. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ చెప్పినట్టు వారం పైనే ఆగి, మళ్లీ భుజానికెత్తాను. ఇప్పుడు కోత, కుట్లు లేని పద్ధతి ఉంది. మత్తు ఆ ఒక్కచోటే ఇస్తారు, అరగంటలోపే అయిపోతుంది. మగతనానికేం ఢోకా లేదు. అసలు జాగ్రత్త వేరే: వెంటనే పనిచేయదు. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని డాక్టర్ చెప్పాకే మానెయ్. మళ్లీ పిల్లలు కావాలన్న ఆలోచన రవ్వంత ఉన్నా ఆగు, వీర్యనాళాలు తిరిగి కలిపినా పిల్లలు పుడతారన్న గ్యారంటీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లైన జంటల్లో ఆడవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడ్డవి 37.9 శాతం, మగవాళ్ల ఆపరేషన్ మీద 0.3 (సిగ్గుచేటు!). అమ్మనీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. మా అమ్మ అక్కడే మెత్తబడింది.