పాత డీజిల్ ఇంజినా, బీఎస్-6 ఇంజినా: నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగే పికప్‌కు ఏది గిట్టుబాటు?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర ఊరు. మండీ 18 కిలోమీటర్లు. నా టమాటాలతో పాటు చుట్టుపక్కల రైతుల సరుకూ వేస్తాను, నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతాను. చేతిలో రూ.2.50 లక్షలు ఉన్నాయి. మూడు బండ్లు చూశాను: 2009 మోడల్ టాటా 207 రూ.2.20 లక్షలు, 2018 మోడల్ బీఎస్-4 (2020కి ముందటి పొగ నియంత్రణ ప్రమాణం) బొలెరో పికప్ (1.60 లక్షల కిలోమీటర్లు తిరిగింది) రూ.4.50 లక్షలు, కొత్త బీఎస్-6 పికప్ ఆన్‌రోడ్ రూ.10.50 లక్షలు. పాత పంపు ఇంజిన్ అయితే చావే లేదని, కొత్తవాటికి సెన్సర్ల గోల ఎక్కువని మా మెకానిక్ అంటున్నాడు. ఏది కొనమంటారు?

జవాబు: మీ మెకానిక్ ఇంజిన్ గురించి చెప్పింది నిజమే. 207లో డీజిల్ కొట్టేది మెకానికల్ పంపు. గాలి పట్టి బండి ఆగినా, నట్టు వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ కొడితే రోడ్డు పక్కనే స్టార్టవుతుంది. నాజిళ్లు అరిగితే పంపు షాపులో టెస్ట్ చేసి వేస్తారు. కానీ మీరు కొంటున్నది ఒక్క ఇంజిన్‌ని కాదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఫైనాన్స్ దొరకడం కష్టం. అంత పాత రవాణా బండ్ల ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఫీజును 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు, పైగా గ్రీన్ ట్యాక్స్. ఛాసిస్ తుప్పు, బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, కట్ట (లీఫ్ స్ప్రింగ్) బుష్‌లు ఒకదాని వెంట ఒకటి రిపేరుకొస్తాయి. ఇంజిన్ బతికే ఉంటుంది, బండి మాత్రం నెలకోసారి షెడ్డులో ఉంటుంది. దీన్ని వదిలేయండి.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్య. బీఎస్-4 పికప్‌లో కామన్ రైల్ ఇంజిన్ ఉంటుంది, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ‘రైలు’ అనే ఒకే పైపు నుంచి డీజిల్ అందుతుంది. ఇంజెక్టర్లకు డీజిల్ వెయ్యి బార్‌కు పైబడిన ప్రెషర్‌తో వెళ్తుంది. అంత ప్రెషర్‌లో పనిచేసే విడిభాగాల మధ్య సందు వెంట్రుక మందంలో చిన్న వంతు. నీళ్లు, నలుసు కలిసిన డీజిల్ పడితే మొదట ఇంజెక్టర్లు, తర్వాత హైప్రెషర్ పంపు పోతాయి. పంపు అరిగి ఇనుప పొడి రాలిందంటే అది రైలు, పైపులు, ఇంజెక్టర్లు అన్నిట్లోకీ పాకుతుంది, మొత్తం విప్పాల్సిందే. అయినా ఈ తరం బండ్ల పని మదనపల్లెలాంటి ఊరి షెడ్లలో చేయగలిగేదే. స్కానర్ ఉన్న మెకానిక్ ఒకరు, ఇంజెక్టర్ టెస్ట్ బెంచి ఉన్న షాపు ఒకటి అందుబాటులో ఉంటే చాలు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో దీనికి తోడు సైలెన్సర్ దారిలో పొగమసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. కొన్ని మోడళ్లలో యూరియా ద్రావణం పోసే డీఈఎఫ్ ట్యాంకు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్లు కూడా ఉంటాయి. డీపీఎఫ్‌లో చేరిన మసిని ఇంజినే అప్పుడప్పుడు అదనంగా డీజిల్ పంపి, సుమారు 600 డిగ్రీల వేడితో కాలుస్తుంది. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా పరుగెత్తాలి. మీ పరుగు చూడండి: తోట దగ్గర పది నిమిషాలు ఐడిల్, గతుకుల దారి, 18 కిలోమీటర్లు, మండీ గేటు దగ్గర క్యూ. మసి కాలడం మొదలయ్యేసరికి మీరు ఇంజిన్ ఆపేస్తారు. ఇలా నాలుగుసార్లు జరిగితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి పికప్ తగ్గుతుంది. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగినా, డీజిల్ వాసన వచ్చినా కారణం ఇదే. బేరింగులకు అది విషం. కాబట్టి ‘సెన్సర్ల గోల’లో చాలావరకు తప్పు సెన్సర్‌ది కాదు, బండి చేసే పనికీ ఇంజిన్‌కీ పొంతన కుదరకపోవడమే.

ఇప్పుడు డబ్బు సంగతి. కొత్త బండికి మీ రూ.2.50 లక్షలూ కట్టేసి రూ.8 లక్షలు 11 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా రూ.17,394. మొత్తం వడ్డీ సుమారు రూ.2.44 లక్షలు. చేతిలో రూపాయి మిగలదు. బీఎస్-4 బండికి రూ.2 లక్షలు కట్టి రూ.2.50 లక్షలు 16 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే వాయిదా రూ.8,789, వడ్డీ సుమారు రూ.66 వేలు. పాత బండికి వడ్డీ శాతం ఎక్కువైనా కట్టే వడ్డీ పావు వంతు కంటే కాస్తే ఎక్కువ.

వాయిదా ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. బండి విలువలో తరుగూ మీ ఖర్చే. అయిదేళ్ల తర్వాత కొత్తది రూ.5 లక్షలకు, పాతది రూ.2.50 లక్షలకు అమ్ముడవుతుందనుకుందాం. తరుగు, వడ్డీ కలిపి అరవై నెలలకు పంచితే కొత్తదానికి నెలకు సుమారు రూ.13,200, పాతదానికి రూ.4,400. తేడా రూ.8,800. రిపేర్లకు పాతదానికి కిలోమీటరుకు రూ.3.33, కొత్తదానికి రూ.1.33 అని నేను వేసుకున్నాను. అంటే ప్రతి కిలోమీటరుకు పాత బండి రూ.2 ఎక్కువ తింటుంది. మీ 1,500 కిలోమీటర్లకు అది రూ.3,000. అది పోనూ పాత బండి వల్ల నెలకు రూ.5,800 మీకే మిగులుతుంది. రెండూ సమానం కావాలంటే నెలకు 4,400 కిలోమీటర్లు తిరగాలి. అంత తిరుగుడు ఉండి, అదీ చెన్నై, బెంగళూరు హైవే మీద అయితే డీపీఎఫ్ కూడా తనంతట తాను శుభ్రపడుతుంది, అప్పుడు కొత్తదే తీసుకోమంటాను. అమ్మకం ధరలూ రిపేరు రేట్లూ నా అంచనాలు. మీ ఊరి రేట్లు వేసి మళ్లీ లెక్కించండి.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో పాత, కొత్త తేడా లేదు. 7.5 టన్నుల లోపు సరుకు బండికి 2022 నోటిఫికేషన్ రేటు రూ.16,049, దానిపై జీఎస్టీ. కిరాయి ఆదాయానికి లెక్కల పుస్తకాలు లేకుండా, అంచనా పద్ధతిలో బండికి నెలకు రూ.7,500 లాభంగా చూపి ఆదాయపు పన్ను కట్టేవారికి, కొత్త బండి తరుగుదల విడిగా కలిసిరాదు. ‘పన్ను మిగులుతుంది కదా’ అని షోరూమ్‌లో ఎవరైనా అంటే ఇది గుర్తుంచుకోండి.

కాబట్టి నా సలహా 2018 బీఎస్-4 బండి, అదీ పరీక్షల్లో నిలబడితేనే. పొద్దున్నే, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి వెళ్లండి. రేడియేటర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే వేడి చేశారన్నమాట, ఇంకోరోజు రండి. చల్లగా ఉంటే రేడియేటర్ మూత తీసి చూడండి: నూనె తెట్టు ఉంటే, లేదా స్టార్ట్ చేశాక బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింది సీలు) పోయిందని అనుమానం. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే ఉంచండి. కాస్త వణకడం మామూలే. ఎగిరి పడిపోతే, పొగ గుప్పుగుప్పున కొడితే పిస్టన్ రింగులు అరిగాయి, సిలిండర్ బోరు పని దగ్గర్లోనే ఉంది.

ఇంజెక్టర్లకు ఇంకో పరీక్ష ఉంది, మెకానిక్‌కు ఓ అయిదు వందలిచ్చయినా చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి, నాలుగు పారదర్శక సీసాల్లోకి గొట్టాలు పెట్టి ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడపాలి. నాలుగు సీసాల్లో డీజిల్ దాదాపు ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి మిగతావాటికి రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల కారుతోంది. వేడి మీద ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కావడానికి సతాయించడానికి కారణం తరచూ ఇదే, రైల్లో ప్రెషర్ నిలవదు.

కొన్నాక మిగిలే రూ.50 వేలలో మొదటి వారమే ఆయిల్, మూడు ఫిల్టర్లు, కూలెంట్, బెల్టులు మార్చండి. పాత యజమాని ‘మొన్ననే మార్చాం’ అన్నా మార్చండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి, మన వైపు నీళ్లలో సుద్ద ఎక్కువ, గొట్టాలు పూడుకుపోతాయి. డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న నీళ్లను పదిహేను రోజులకోసారి వదలండి. క్యాన్లలో నిల్వచేసిన డీజిల్ వద్దు. లోడుతో ఎక్కివచ్చాక టర్బో చల్లబడేలా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. పాతిక కిలోల క్రేట్లు 60 వేస్తేనే టన్నున్నర. సీజన్లో 90 వేస్తే ముందు క్లచ్, ఆ వెనక టర్బో పోతాయి.

రిపేర్ల కోసం నెలకు రూ.5,000 వేరే ఖాతాలో రికరింగ్ డిపాజిట్‌గా వేయండి, కిరాయి డబ్బులతో కలపొద్దు. రెండేళ్లకు రూ.1.20 లక్షలవుతుంది. నాలుగు ఇంజెక్టర్లో, బోరు పనో వచ్చినా చేబదుళ్ల కోసం తిరగక్కర్లేదు. పెద్ద పని ఏదైనా కనిపిస్తే టమాటా సీజన్ మొదలవకముందే చేయించండి. సీజన్లో నాలుగు రోజులు బండి ఆగితే పోయే కిరాయి రిపేరు బిల్లును మించిపోవచ్చు.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం సరిచూడండి. రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో పాత ఫైనాన్స్, చలాన్లు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఫైనాన్స్ తీరిందన్న ఫారం 35, బదిలీకి 29, 30 సంతకాలతో చేతికి వచ్చాకే మిగతా డబ్బు. 2018 బండికి ఎనిమిదేళ్లు దాటినప్పటి నుంచి ఎఫ్‌సీ ఏటా చేయించాలి, ప్రస్తుత ఎఫ్‌సీ ఎన్ని నెలలు మిగిలి ఉందో చూసి ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. సీసాల పరీక్షలో ఒక ఇంజెక్టర్ తేలిపోతే దాని ఖర్చు ధరలో కోయించుకుని కొనవచ్చు. ఆయిల్ మూత ఎగిరితే మాత్రం రూ.4 లక్షలకు దిగినా తీసుకోవద్దు, మదనపల్లె, పలమనేరు వైపు ఇంకో బండి వెతకండి.